పన్నెండు నిమిషాల జాకెట్

గేటు మూసుకుంటోంది!

ఆమె పరుగెడుతోంది. చంకలో తడిసి బరువెక్కిన జాకెట్. చిన్నపిల్లల సైజు. నారింజ రంగు. కడుపు దగ్గర కత్తితో కోసిన గాటు.

"మూసెయ్! గేటు మూసెయ్ రా!"

వెనక నుంచి మీసాల కేక. ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఇన్‌ఛార్జి. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన 'మీసాల'.

రెండడుగుల సందు...

అడుగున్నర...

పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దూరుతుంది. జాకెట్ పట్టీ గేటు కమ్మీకి చిక్కుకుంటుంది. లాగుతుంది. రాదు. మళ్లీ లాగుతుంది. పట్టీ తెగుతుంది!

రోడ్డు.

సాయంత్రం నాలుగున్నర. అప్పుడే చీకటి. మూడు రోజులుగా ఒకటే వాన.

మలుపులో తెల్ల వ్యాను ఆగి ఉంది. ఆమె ఆడపడుచుది. హోటళ్ల దుప్పట్లు ఉతికి సప్లై చేస్తుంది. రోజూ ఈ టైముకి వదినని ఎక్కించుకుని ఇంటికి తీసుకెళుతుంది.

"ఏంటి వదినా, కుక్క తరిమిందా?"

"తోలు!"

"ఇంటికేగా?"

"నది దగ్గరికి! తోలమంటుంటే..."

వ్యాను గర్రుమంటూ కదులుతుంది.

"ఇప్పుడు చెప్పు. ఏమైంది? ఉద్యోగం పీకేశారా?"

"ఇంకా లేదు. రేపటికి పీకేస్తారు."

"అయ్యో రామా! అన్నయ్యకి పని పోయి ఆర్నెల్లు. నీదీ పోతే ఇంట్లో అందరం దుప్పట్లే ఉతుక్కోవాలి!"

ఆమె ఒళ్లోని జాకెట్‌ని గట్టిగా పిండుతుంది.

ఫ్యాక్టరీలో అందరూ ఆమెని ట్యాంకక్క అంటారు. లైఫ్ జాకెట్ల కంపెనీ. ప్రతి లాటులో మూడు పీసులు తీసి, బరువు కట్టి, నీళ్ల ట్యాంకులో వెయ్యడం ఆమె పని. ఒక రాత్రీ ఒక పగలూ తేలితే ముద్ర వేస్తుంది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఆమె ముద్ర ఉన్న జాకెట్ ఇంతవరకూ ఒక్కటీ మునగలేదు.

ఈ లాటు ట్యాంకు దగ్గరికి రానేలేదు.

యాభై రెండు పిల్లల జాకెట్లు. కంపెనీ ఫౌండేషన్ వరద సాయంగా ఇస్తున్నవి. "దానం లాటుకి టెస్టింగేంటి అక్కా?" అన్నాడు సూపర్‌వైజర్, నవ్వుతూ. అయినా ఆమెకి మనసొప్పలేదు. ప్యాకింగ్ దగ్గర మిగిలిన నాలుగు ఎక్స్‌ట్రా పీసులు కనపడితే, భోజనాల టైములో మూడు తెచ్చి ట్యాంకులో పడేసింది.

నాలుగింటికి వచ్చి చూసింది.

మూడూ అడుగున!

నాలుగోది గడియారం పెట్టుకుని వేసింది. ముందు బాగానే తేలింది. తర్వాత మెల్లగా... మెల్లగా... 

పన్నెండు నిమిషాలు!

కోసి చూస్తే లోపల పార్సిల్ స్పాంజి. టీవీల డబ్బాల్లో కుక్కే సరుకు. నీళ్లని పీల్చుకుని రాయిలా అవుతుంది.

"ఎవరికి ఇస్తున్నారవి?" ఆడపడుచు గొంతు మారింది.

"నది మధ్య మెరక మీద పిల్లల హాస్టల్ ఉంది కదా... వాళ్లకి. కింది అంతస్తు మునిగిపోయింది. పిల్లలు మేడ మీదున్నారు. ఆరున్నరకి డ్యామ్ గేట్లు ఎత్తుతారంట. ఎత్తితే మెరక ఉండదు. ఈలోగా పడవల్లో దాటించాలి."

"ఈ జాకెట్లేసా?"

"ఈ జాకెట్లేసే!"

"అవతలి నుంచి ఇవతలికి ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

ఆడపడుచు గేరు మారుస్తుంది. వ్యాను ఎగిరి పడుతుంది.

ఫోన్!

సహాయ కేంద్రం నంబర్ కొడుతుంది. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం..." సంగీతం. మళ్లీ "మీ కాల్ మాకు..."

"ముఖ్యమైతే ఎత్తరేం!" ఫోన్ మీద అరుస్తుంది.

సూపర్‌వైజర్... స్విచాఫ్.

చివరికి ఫౌండేషన్ మేడమ్. మొదటి రింగుకే ఎత్తుతుంది.

"చెప్పండి అక్కా! ఇవాళ మన కంపెనీ అందరూ గర్వపడే రోజు..."

"మేడమ్, పిల్లల జాకెట్లు మునుగుతున్నాయి!"

అవతల తలుపు వేసిన చప్పుడు.

"లోపల పార్సిల్ స్పాంజి ఉంది మేడమ్. నా చేతిలో పీసుంది. ఛైర్మన్ గారికి చెప్పండి. ఆయనకి తెలిసుండదు. ఒక్క కుట్టుమిషన్‌తో మొదలుపెట్టిన మనిషి ఆయన..."

"మీరెక్కడున్నారు?"

"వ్యాన్లో. పాత వంతెన దగ్గరికొస్తున్నాం."

"అక్కడే ఉండండి. మనిషిని పంపిస్తాను."

ఫోన్ కట్.

"అమ్మయ్య!" ఊపిరి పీల్చుకుంటుంది ఆమె. "మేడమ్ మనిషిని పంపిస్తోంది."

ఆడపడుచు అద్దంలోకి చూస్తోంది.

"పంపేసిందిలే వదినా... మనిషిని."

వెనక కంపెనీ జీపు! స్టీరింగ్ దగ్గర మీసాల!

ధడ్!

వ్యాను ముందుకి తుళ్లుతుంది. ఆమె తల డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంటుంది.

"ఎందుకు చెప్పావు, ఎక్కడున్నామో?"

"మంచిది అనుకున్నా!"

"నీకందరూ మంచోళ్లే! పంతొమ్మిదేళ్లు నీళ్లలోకి చూస్తూ కూర్చుంటే ఇంతే!"

ధడ్!

వంతెన మీదికెక్కుతారు. ఇరుకు వంతెన. కింద నది నల్లగా సుళ్లు తిరుగుతోంది. జీపు పక్కకొస్తోంది. మీసాల కిటికీలోంచి చెయ్యి చాపుతున్నాడు.

"అక్కా! ఆ జాకెట్ ఇచ్చెయ్! నీ ఉద్యోగానికి నేను పూచీ!"

"నువ్వూ పిల్లలున్నవాడివే కదరా!"

"అందుకే అక్కా, నాకూ ఉద్యోగం కావాలి! ఇచ్చెయ్!"

అతని కళ్లలో కోపం లేదు. భయం ఉంది. అదే ఆమెకి ఎక్కువ ఒళ్లు మండిస్తుంది.

జీపు మళ్లీ వెనక్కి తగ్గి గుద్దుతుంది. ఈసారి వ్యాను వెనక తలుపు తెరుచుకుంటుంది.

దుప్పట్లు!

ఇస్త్రీ చేసిన హోటల్ దుప్పట్లు, ఒకదాని వెనక ఒకటి గాల్లోకి లేస్తాయి. ఒకటి రెక్కలు విప్పుకుని వెళ్లి జీపు అద్దం మీద పరుచుకుంటుంది. 

కీచ్!

జీపు గిర్రున తిరిగి రెయిలింగ్‌కి గుద్దుకుని ఆగిపోతుంది. మీసాల దిగి, ముక్కు పట్టుకుని, వానలో నిలబడి తిడుతున్నాడు.

బతికే ఉన్నాడు. చాలు.

"నలభై దుప్పట్లు వదినా..." ఆడపడుచు ఏడుపు గొంతు. "ఇస్త్రీ చేసినవి..."

నాలుగు యాభై అయిదు.

నది ఒడ్డుకి రెండు వందల గజాల్లో అడ్డంగా వెదురు గడ. కానిస్టేబుల్.

"ప్రోగ్రాం జరుగుతోంది. వెళ్లకూడదు."

"పిల్లల ప్రాణాల మీదికొచ్చింది బాబూ! లోపలికి..."

"పాసుందా?"

"పాసేంటి! పడవలు ఆపాలి!"

"పాసు లేకపోతే ప్రోగ్రాం అయ్యాక రండి. అరగంట."

"అరగంటకి..." గడని తోస్తుంది. కదలదు. ఏ గోడకి చెప్పుకోవాలి? గోడైనా ఈపాటికి వినేది!

ఆడపడుచు కిటికీ దించి తల బయటపెడుతుంది.

"ఛైర్మన్ గారికి పొడి తువ్వాళ్లు తెచ్చాం. ఆయన తడిసి కూర్చున్నారంట. లేటైందని అడిగితే నీ పేరే చెప్తా."

గడ లేస్తుంది! టక్కున!

యాభై రెండు ప్రాణాలకి లేవని గడ!

ఒడ్డు మీద పెద్ద టెంటు. లైట్లు. బ్యానరు: 'ప్రతి చిన్నారి క్షేమం మా బాధ్యత.' టీవీ కెమెరా. రిపోర్టరు. కుర్చీల్లో నలభై మంది అతిథులు. అందరి ఒంటి మీదా కొత్త లైఫ్ జాకెట్లు. పిల్లల్ని తెచ్చే పడవల్లో ఫొటో దిగడానికి.

ఆ జాకెట్లని చూడగానే ఆమెకి తెలిసిపోతుంది. కుట్టు చూస్తే చాలు. భుజం దగ్గర ముద్ర. తన ముద్ర! పంతొమ్మిదేళ్ల చెయ్యి. అవి మునగవు.

అతిథులకి అవి. పిల్లలకి ఇవి.

నీళ్ల దగ్గర నాలుగు పడవలు. పక్కన రెస్క్యూ కెప్టెన్. ఎండిపోయిన పెదాలు, ఎర్రబడ్డ కళ్లు, నడుముకి పిస్టల్. పొద్దున పదింటి నుంచి ఇక్కడే నిలబడ్డాడు. జాకెట్లు నిన్ననే వచ్చాయి. కానీ ఛైర్మన్ చేతుల మీదుగా ఇచ్చేదాకా డబ్బాలు తెరవకూడదట! అతని దగ్గరున్నవి పన్నెండే, తన మనుషుల ఒంటి మీద. మిగతావన్నీ దిగువ ఊళ్లకి వెళ్లిపోయాయి.

వేదిక మీద ఛైర్మన్. తెల్ల జుట్టు. చల్లటి నవ్వు.

ఆమె వేదికెక్కుతుంది. ఎవరో చెయ్యి పట్టుకుంటారు. విదిలించుకుంటుంది.

"సార్! ఈ జాకెట్లు మునుగుతాయి సార్! ఎవరో మిమ్మల్ని మోసం చేశారు!"

ఛైర్మన్ మైకు పక్కకి జరుపుతాడు. కోసిన జాకెట్ అందుకుంటాడు. గాట్లో వేలు పెట్టి స్పాంజి నొక్కుతాడు. ఆమె గుండె తేలికపడుతుంది. ఆయన చూస్తున్నాడు! ఆయనకి అర్థమవుతుంది!

ఆయన ఆమె చెవి దగ్గరికి వంగుతాడు.

"ఊరికే ఇచ్చేదానికి ఇంతకన్నా మంచి సరుకు వేస్తారా అమ్మా?"

నెమ్మదిగా. ప్రేమగా.

"ఉద్యోగం పోతుందేమోనని భయపడి ఏదేదో చేస్తోంది పాపం," అంటాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "కోసేసిన జాకెట్ మునగక ఏం చేస్తుంది? కెప్టెన్ గారూ, కొత్తది ఒకటి మీరే వేసి చూడండి."

కెప్టెన్ కొత్త జాకెట్ తీస్తాడు. ఇసుక సంచీ, తాడూ కట్టి నీళ్లలోకి విసురుతాడు.

తేలుతుంది.

నిమిషం... రెండు నిమిషాలు... తేలుతూనే ఉంది.

చప్పట్లు! కెప్టెన్ దాన్ని ఒడ్డుకి లాగేస్తాడు.

"ఇప్పుడు తేలుతుంది సార్! పన్నెండు నిమిషాలకి మునుగుతుంది! బరువు ఎక్కువైతే ఇంకా తొందరగా..."

"అమ్మా," కెప్టెన్ తల రుద్దుకుంటాడు. "ఆరున్నరకి గేట్లు. నాకు మాటలకి టైము లేదు. నా కళ్ల ముందు తేలింది కదా!"

అతను చెయ్యెత్తుతాడు. పడవల ఇంజన్లు మొదలవుతాయి. 

చూస్తుంది. అందరూ తలా ఓ పక్కకి తిరిగిపోతున్నారు. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి తిరిగిపోతున్నారు. గొంతు చించుకున్నా లాభం లేదు. మాట పనిచెయ్యదు.

ఆమెకి తెలిసిన పని ఒక్కటే.

డబ్బాలోంచి జాకెట్ లాగుతుంది. అన్నిటికన్నా పెద్ద సైజు. ఆమెది చిన్న శరీరం. పట్టీలు పూర్తిగా వదులు చేస్తే పడుతుంది. బకిల్ టక్.

"వదినా... ఏం చేస్తున్నావు?"

"దుప్పటి మిగిలిందా? నడుముకి కట్టు. ఇంకో కొస నువ్వు పట్టుకో."

"నీకు ఈత రాదు!"

"ఈతొచ్చినవాళ్లకి జాకెట్ ఎందుకు?"

"వదినా!"

"టైము చూస్తూ ఉండండి సార్!" కెప్టెన్ వైపు అరిచి...

దూకుతుంది!

చలి! ఊపిరి ఆగిపోతుంది. నోట్లో బురద నీళ్లు. కాళ్ల కింద నేల లేదు... లేదు... అంతలో జాకెట్ పైకి లేపుతుంది. తల బయటికి. దుప్పటి బిగుసుకుంటుంది.

"ఇదేం తమాషా!" ఛైర్మన్ గొంతు మొదటిసారి చిట్లుతుంది. "ఈ పిచ్చిదాని కోసం పడవలు ఆపుతారా?"

కెప్టెన్ ఆయన వైపు తిరుగుతాడు.

"పొద్దుట్నుంచి మీ కోసం ఆగాను. ఈమె కోసం పన్నెండు నిమిషాలు ఆగలేనా?"

ఇంజన్లు ఆగుతాయి.

రెండో నిమిషం. నీళ్లు రొమ్ము దాకా.

నాలుగు. భుజాల దాకా. పళ్లు టకటకలాడుతున్నాయి.

ఆరు. స్పాంజి తాగుతోంది. ఆమెకి తెలుస్తోంది. ఒంటికి ఎవరో ఇటుకలు ఒక్కొక్కటే కడుతున్నట్టు.

"లాగెయ్యనా వదినా?"

"వద్దు!"

ఎనిమిది. గడ్డం దాకా. తల వెనక్కి వాలుస్తుంది. వాన కళ్లలో పడుతోంది. ట్యాంకులో జాకెట్లు ఇలాగే చూసుంటాయి కాబోలు, ఇన్నేళ్లూ, కింద నుంచి తన మొహాన్ని.

తొమ్మిది. పెదాలు.

"లాగుతున్నా!"

"వద్... "

నీళ్లు మూసుకుంటాయి.

పైన వెలుతురు పచ్చగా, తర్వాత గోధుమ రంగుగా, తర్వాత ఏమీ లేకుండా... జాకెట్ కిందికి లాగుతోంది! కాపాడాల్సినది, రెండు చేతులా పట్టుకుని కిందికి లాగుతోంది!

దుప్పటి ఒక్కసారి బిగుసుకుంటుంది. నడుము విరిగినంత నొప్పి. నీళ్లు చీలుతాయి. గాలి!

కెప్టెన్ చేతులు. ఆడపడుచు చేతులు. బురదలో బోర్లా. దగ్గు. కక్కు. మళ్లీ దగ్గు.

కెప్టెన్ ఆమె జాకెట్ విప్పి ఒంటి చేత్తో ఎత్తబోతాడు. లేవదు. రెండు చేతులతో ఎత్తి నేల మీద పడేస్తాడు. థప్!

"తొమ్మిదిన్నర నిమిషాలు," అంటాడు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

తర్వాత అతిథుల వైపు చూస్తాడు.

"అమ్మా, వాళ్లేసుకున్నవి?"

"అవి నావి..." దగ్గు. "నా ముద్ర ఉంది. రెండ్రోజులైనా తేలుతాయి."

కెప్టెన్ టెంటు వైపు నడుస్తాడు.

"జాకెట్లు విప్పండి."

ఎవరూ కదలరు. ఒకాయన పట్టీ బిగించుకుంటాడు.

"విప్పమంటున్నా!"

"మాటలు జాగ్రత్త!" ఛైర్మన్ లేస్తాడు. "నేనెవరో తెలుసా? నీ పై అధికారితో ఇప్పుడే..."

కెప్టెన్ చెయ్యి నడుము దగ్గరికి పోతుంది.

ఢాం!

టెంటు గుడ్డలో చిల్లు. వాన చుక్కలు లోపలికి.

టక్... టక్... టక్టక్టక్టక్... నలభై బకిల్స్ ఒకేసారి ఊడుతున్న చప్పుడు!

కెప్టెన్ మనుషులు పన్నెండు మందీ తమ జాకెట్లు కూడా విప్పుతారు. పెద్దవాళ్ల సైజు. పిల్లలకి జారిపోతాయి. ఆడపడుచు వ్యాన్లో మిగిలిన దుప్పట్లన్నీ తెచ్చి పరపరా చింపుతోంది. 

"పీలికలతో గట్టిగా కట్టండి! తొడల కిందుగా తిప్పి కట్టండి!" ఏడుస్తూనే చింపుతోంది. "ఎంత ఇస్త్రీ చేశానో..."

అయిదూ ముప్పై ఎనిమిది. నాలుగు పడవలూ చీకట్లోకి దూసుకుపోతాయి.

ఆరు. ఏమీ లేదు.

ఆరూ పది. ఏమీ లేదు. ఆమె బురదలోనే కూర్చుని ఉంది. లేవలేదు.

ఆరూ ఇరవై... ఒక లైటు! రెండు! మూడు!

నాలుగోది?

పైనుంచి సైరన్. గేట్లు! నది మూలిగినట్టు ఒక చప్పుడు. నీళ్లు మెట్టు మెట్టుగా లేస్తున్నాయి. అంతలో నాలుగో పడవ అడ్డంగా కొట్టుకొస్తూ కనిపిస్తుంది. ఒక పిల్ల జారి నీళ్లలో పడుతుంది!

ఆమె నీళ్ల వైపు పాకుతుంది.

నారింజ చుక్క నీళ్ల మీద బంతిలా ఎగిరి పడుతోంది. మునగదు. ఒక చెయ్యి వచ్చి మెడ పట్టీ పట్టుకుని పైకి లాగేస్తుంది.

ఒడ్డు!

కెప్టెన్ లెక్కపెడుతున్నాడు. యాభై... యాభై ఒకటి... యాభై రెండు!

ఆమె మొహం చేతుల్లో పెట్టుకుంటుంది.

అప్పుడు వినపడుతుంది రిపోర్టరు గొంతు. లైవ్.

"...అపూర్వమైన త్యాగం! ఛైర్మన్ గారు తన ఒంటి మీది జాకెట్ తీసి ఒక చిన్నారికి తొడిగారు! ఆయన స్ఫూర్తితో అతిథులంతా..."

కెమెరా ముందు ఛైర్మన్. భుజం మీద తడి టవలు. ఒళ్లో ఎవరి పిల్లో, చలికి వణుకుతూ.

ఆమె లేస్తుంది. "అబద్ధం..." అంటుంది. మాట బయటికి రాదు. గొంతు పోయింది.

భుజం మీద చెయ్యి పడుతుంది. ఇన్‌స్పెక్టర్. పక్కన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మీసాల.

"పద. నీ మీద కంప్లయింటుంది. కంపెనీ సరుకు దొంగతనం."

"దొంగతనమా?" ఆడపడుచు మీదికొస్తుంది. "కళ్లున్నాయా మీకు? ఇప్పుడే చావు తప్పి వచ్చిన మనిషి!"

"ఛైర్మన్ గారే స్వయంగా ఇచ్చారు కంప్లయింట్. సంతకంతో సహా."

పంతొమ్మిదేళ్లు. ఒక్కటీ మునగలేదు. చివరికి దొంగ! అరవాలనుంది. ఎవరినైనా కొట్టాలనుంది. ఇన్‌స్పెక్టర్ చేతిలోని కాగితం చూస్తుంది. వేదిక మీద ఛైర్మన్ వదిలేసిన కోసిన జాకెట్‌ని మీసాల మెల్లగా ప్లాస్టిక్ సంచీలో దూర్చుకుంటున్నాడు. సొట్టపడ్డ కంపెనీ జీపు వైపు అడుగేస్తున్నాడు.

ఆమె అరవబోయి ఆగిపోతుంది.

"సార్..." బొంగురు గొంతు. "దొంగసొత్తు ఎవరి దగ్గరుంటుంది?"

"మా దగ్గరే. స్టేషన్లో."

"తర్వాత?"

"కోర్టుకి పంపిస్తాం."

"కంపెనీవాళ్లకి తిరిగిచ్చెయ్యరా?"

"కేసు తేలేదాకా ఎవరికీ ఇవ్వం. అయినా నీకెందుకు ఇదంతా?"

ఆమె నెమ్మదిగా మీసాల చేతిలోని సంచీ వైపు చూపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఆ సంచీ లాక్కుంటాడు. మీసాల మొహం పాలిపోతుంది.

టెంటు కింద నుంచి ఛైర్మన్ ఇటే చూస్తున్నాడు. ఒళ్లోని పిల్లని దింపేస్తాడు. గబగబా వస్తాడు. కెమెరా ఆయన వెంటే వస్తుంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, పోనివ్వండి. ఆడమనిషి, పాపం. ఇవాళ మంచి రోజు. కంప్లయింట్ వెనక్కి తీసుకుంటున్నా. ఆ సంచీ మావాడికి ఇచ్చెయ్యండి."

చల్లటి నవ్వు. కానీ కళ్లు సంచీ మీదే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ కాగితం మడవబోతాడు.

"మడవకండి!"

గొంతు ఎలా తిరిగొచ్చిందో ఆమెకే తెలియదు.

టెంటు పక్కనున్న డబ్బాల దగ్గరికి వెళుతుంది. దానం జాకెట్లు. ఎవరికీ తొడగని జాకెట్లు. ఒక డబ్బాని ఈడ్చుకుంటూ వచ్చి ఇన్‌స్పెక్టర్ కాళ్ల దగ్గర పడేస్తుంది. తర్వాత రెండోది. మూడోదాన్ని కెప్టెన్ తనే మోసుకొచ్చి పెడతాడు.

"ఆ ఒక్కటే కాదు సార్. ఇవన్నీ నేనే దొంగిలించాను."

కెమెరా లైటు ఆమె మొహం మీదికి తిరుగుతుంది. ఛైర్మన్ చెయ్యి అడ్డం పెట్టబోతాడు. ఆలస్యమైపోయింది. ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. లైవ్!

"వద్దన్నానుగా! కేసు లేదు!" అరుస్తున్నాడు ఛైర్మన్. నవ్వు ఎటో పోయింది. "కేసు లేదయ్యా!"

ఆమె ఇన్‌స్పెక్టర్ ముందుకి రెండు చేతులూ చాపుతుంది.

"రాసుకోండి సార్... దొంగని నేనే!"